కుర్చీలో కూర్చుని కోలాటం ఆడవచ్చా?

పోయిన సంచికలో మా ఆదివారం బృందం గురించి నాలుగు మాటలు రాశాను. విజయవాడలో ఒక గ్రంథాలయం కింది హాలులో, దీర్ఘకాలపు జబ్బులతో బతుకుతున్న పదకొండు మందిమి వారానికొకసారి కలుస్తాం. కుర్చీలు గుండ్రంగా వేసుకుని గంటంపావు సేపు కదలికతో, పాటతో, రంగులతో గడుపుతాం. (మేడమీది పెద్ద హాలు ఉచితంగా ఇస్తామన్నారు. మోకాళ్ళ నొప్పుల వాళ్ళం ఇరవై నాలుగు మెట్లెక్కి స్వస్థత వెతుక్కోవడం ఏమిటని వద్దన్నాం.) నాట్య, కదలిక చికిత్స (డ్యాన్స్ మూవ్‌మెంట్ థెరపీ) అనే పద్ధతిలో శిక్షణ పొందిన ఒక అమ్మాయి బృందాన్ని నడుపుతుంది. ఎవరి జబ్బుకు ఏది పడదో నేను చూసుకుంటాను. ముప్ఫై ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసి విరమించినదాన్ని. పందొమ్మిదేళ్ళుగా కీళ్ళవాతం నాకూ తోడుంది.

ఆ నాలుగు మాటలకే సంచీడు ఉత్తరాలు వచ్చాయి. సగం ఉత్తరాల్లో ఉన్నది ఒకటే ప్రశ్న: దీనితో తగ్గుతుందా? దానికి జవాబు చివర చెబుతాను. ముందే చెబితే మిగతాది చదవరు.

*

నా వయసు 46. ఎనిమిదేళ్ళుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం. వేళ్ళు వంకరపోతున్నాయి. మందులు వాడుతున్నాను. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి డ్యాన్స్ మూవ్‌మెంట్ థెరపీ అని ఏదో ఉందట, వెళ్దాం రమ్మంటోంది. ఇంట్లో పెళ్ళిలో కూడా కుర్చీ దిగని మనిషిని నేను. ఇది నాట్యమా, వైద్యమా? నలుగురూ నవ్వరా?
*ఒక పాఠకురాలు, తెనాలి*

నవ్వుతారమ్మా. మేమూ నవ్వాం. మా దగ్గర మొదలు ఎలా ఉంటుందో చెబుతాను. ఎవరి పేరు వాళ్ళు చెబుతూ ఏదో ఒక కదలిక చేయాలి. మిగతావాళ్ళంతా ఆ పేరు పలికి, ఆ కదలికనే తిరిగి చేయాలి. కొత్తగా వచ్చిన ఒకావిడకు సిగ్గుతో ఏమీ తోచలేదు. పేరు చెప్పి, అలవాటుగా చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. అంతే, పది మందిమీ ఆవిడ పేరు పలికి కుచ్చిళ్ళు సర్దుకున్నాం. మాలో నలుగురు మగవాళ్ళు. ఒకాయన ప్యాంటుకే కుచ్చిళ్ళు పోసి చూపించాడు. ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆసుపత్రుల్లో ఆరేళ్ళుగా తన పేరుకు ముందు జబ్బు పేరు వినడం అలవాటైపోయిందని తరువాత చెప్పింది.

నాట్యమా, వైద్యమా అని అడిగారు. నాట్యంలో పుట్టి ఆసుపత్రిలో పెరిగింది. వాషింగ్టన్‌లో మేరియన్ చేస్ అనే నాట్యం టీచరు ఉండేవారు. తన దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరికి అడుగులు నేర్చుకోవడం మీద ఆసక్తి లేదని, కదలడమే వాళ్ళకు కావాలని గమనించారు. 1942లో సెయింట్ ఎలిజబెత్స్ అనే మానసిక వైద్యశాలలో పని మొదలుపెట్టారు. మాట్లాడని రోగుల దగ్గర వాళ్ళ కదలికనే తానూ అందుకునేవారు. మా కుచ్చిళ్ళ ఆటకు మూలం అదే. 1966లో అమెరికాలో ఈ చికిత్సకుల సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. కాబట్టి అడుగులు, ముద్రలు, అభినయం ఏవీ మీకు రానక్కర్లేదు. కుర్చీ దిగనక్కర్లేదు కూడా.

మీ వేళ్ళ సంగతికి వస్తాను. మా బృందంలో ఒకసారి ఒంటి బొమ్మలు గీశాం. ఇది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పద్ధతి. 2002 ప్రాంతంలో కేప్‌టౌన్ పక్కన ఖయలీషాలో, హెచ్ఐవీతో బతుకుతున్న స్త్రీలు జేన్ సాలమన్ అనే చిత్రకారిణితో కలిసి నిలువెత్తు కాగితాల మీద తమ ఒంటి ఆకారం గీయించుకుని, లోపల తమ కథ రంగులతో నింపారు. అక్కడ కాగితం నేల మీద పరిచి పడుకునేవారు. మాలో సగం మంది కింద కూర్చుంటే మళ్ళీ లేవలేరు. అందుకని బట్టల కొట్టు నుంచి మందపాటి గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చి గోడకు అంటించి, నిలబెట్టి గీశాం. నిలబడలేనివాళ్ళను కుర్చీతో సహా గీశాం.

మీలాంటి జబ్బే ఉన్న ఒకావిడ తన బొమ్మలో పొట్ట, కాళ్ళు, మొహం అన్నీ ఖాళీగా వదిలేసింది. వేళ్ళ కణుపుల దగ్గర మాత్రం ఎర్ర చుక్కలు పెట్టుకుంటూ పోయింది. వాపు అనుకున్నాను. వృత్తి అలవాటు కదా, "ఏ వేలు ఎక్కువ వాస్తుంది?" అని అడిగాను. "వాపు కాదండీ, గోరింటాకు" అంది. చేతుల మీదికి ఎవరి చూపూ పోకూడదని పదేళ్ళుగా పెట్టుకోవడం మానేసిందట. నా ముప్ఫై ఏళ్ళ నౌకరీలో వేల చేతులు పట్టుకుని వంచాను, కొలిచాను. గోరింటాకు పెట్టుకోవడం మానేశారా అని ఒక్కరినీ అడగలేదు. మరుసటి ఆదివారం ఎవరో గిన్నెడు ఆకు రుబ్బి తెచ్చారు.

వెళ్ళేముందు కొన్ని జాగ్రత్తలు. పొద్దున పట్టేసిన కీళ్ళు వదలడానికి మీకు గంటకు పైగా పడుతుందేమో. సాయంత్రం తరగతి ఎంచుకోండి. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర మర్నాడు నీరసం చేస్తుంటే, తరగతి ఆ మర్నాడు పడకుండా రోజు మార్చవచ్చేమో మీ డాక్టరును అడగండి. ఎర్రబడి, వేడిగా ఉన్న కీలుకు ఆ రోజు సెలవు. మిగతా ఒళ్ళు కదిలించవచ్చు. మెడ గుండ్రంగా గిరగిరా తిప్పమంటే మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఈ జబ్బు పాతబడ్డాక కొందరికి మెడ పైభాగంలోని ఎముకల పట్టు సడలుతుంది. అది బయటికి కనిపించదు.

*

మా ఆవిడకు 63 ఏళ్ళు. ఆరేళ్ళుగా పార్కిన్సన్స్. వంటగది గడప దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. నిమిషం సేపు కదలదు. అలాంటిది మొన్న బతుకమ్మ పండుగకు వాడకట్టు ఆడవాళ్ళతో కలిసి చప్పట్లు కొడుతూ ఇరవై నిమిషాలు తిరిగింది. ఒక్కసారి కూడా ఆగలేదు. పక్కింటివాళ్ళు "ఇంట్లో నటిస్తోందేమో" అన్నారు. ఒక పూట నాకూ ఆ అనుమానం వచ్చింది. సిగ్గుగా ఉంది.
*హనుమకొండ నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు*

మాస్టారూ, సిగ్గుపడవలసింది పక్కింటివాళ్ళు. ఆమె నటించలేదు. రెండు చోట్లా నిజమే. మనం నడిచేటప్పుడు అడుగు తరువాత అడుగు వేయమని లోపలి నుంచి ఒక తాళం నడిపిస్తూ ఉంటుంది. మెదడు లోతుల్లోని ఆ తాళగాడు ఈ జబ్బులో బలహీనపడతాడు. తాళం బయటి నుంచి అందితే, చప్పట్లుగానో పాటగానో పక్క మనిషి అడుగుగానో, మెదడు వేరే దారిలో పని చక్కబెట్టుకుంటుంది. గడప దగ్గర తాళం వేసేవాళ్ళు లేరు. బతుకమ్మ చుట్టూ ముప్ఫై మంది వేస్తున్నారు. పైగా అక్కడ వలయం పెద్దది. ఇరుకైన మలుపు ఎక్కడా లేదు. ఈ జబ్బువాళ్ళు ఎక్కువగా ఆగేదీ, పడేదీ ఇరుకు చోట తిరిగేటప్పుడే.

మీరు వాకిట్లో చూసినదాన్ని పట్టుకుని అమెరికాలో పాతికేళ్ళుగా తరగతులు నడుస్తున్నాయి. 2001లో బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం, అక్కడి పార్కిన్సన్స్ రోగుల సంఘం కలిసి మొదలుపెట్టాయి. అక్కడికి వచ్చినవాళ్ళను రోగులుగా కాదు, విద్యార్థులుగా చూస్తారు. పుణెలో హృషికేశ్ పవార్ అనే సమకాలీన నృత్యకారుడు ఇలాంటి తరగతులు నడిపారు. మీకు అంత దూరం అవసరం లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులే ఎందుకు ఆడాలి? వాడకట్టులో ఆ రోజు ఆమెతో తిరిగినవాళ్ళలో నలుగురైదుగురు వారానికి రెండు సాయంత్రాలు అరగంట రాగలిగితే చాలు. పూలు లేకపోతే మధ్యలో ఒక స్టూలు మీద దీపపు కుందె పెట్టుకోండి.

ఆమెకు పాట ఎత్తే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆమెనే ఎత్తనివ్వండి. ఈ జబ్బులో గొంతు సన్నగిల్లుతుంది. అందరూ "ఉయ్యాలో" అని అందుకోవాలంటే ఆమె మొదటి ముక్క అందరికీ వినపడేలా పలకాలి. అంతకు మించిన గొంతు వ్యాయామం నేను చెప్పలేను.

మూడు విషయాల్లో కళ్ళు తెరుచుకుని ఉండండి. పార్కిన్సన్స్ మాత్ర పనిచేసే వేళ చూసుకోండి, సాధారణంగా వేసుకున్న అరగంట నుంచి గంటకు ఒళ్ళు తేలికవుతుంది. పప్పు, మాంసం, పాలు దండిగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి ఆ మందు సరిగా అందదు. వంగి లేచేటప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు కాబట్టి నడుము వంచడం తగ్గించి, చేతులతోనే వంగినట్టు చేయమనండి. ఆమె వెనుక వచ్చే మనిషి గట్టి మనిషై ఉండాలి, కబుర్ల మనిషి కాకూడదు.

ఇక ఆ గడప. దాని ముందు అడుగుకొకటి చొప్పున నేల మీద అడ్డంగా మూడు గీతలు వేయండి. గీతను దాటడం అనేసరికి కాలు లేస్తుంది. ముగ్గుపిండితో వద్దు, జారుతుంది. రంగు టేపు అంటించండి.

*

నాకు 52 ఏళ్ళు. మా ఊరి తప్పెటగుళ్ళు బృందంలో ఇరవై ఏళ్ళు ఆడాను. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం). మా షిఫ్టులో ఎప్పుడూ అదే ఆరుగురం. నాలుగేసి గంటలు పైకప్పు చూస్తూ పడుకుంటాం. మీరు రాసినట్టు మేమేమైనా చేయవచ్చా? తప్పెట మళ్ళీ పట్టవచ్చా?
*కవిటి మండలం నుంచి ఒక పాఠకుడు*

తమ్ముడూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతం అనగానే పత్రికల్లో నీళ్ళ గురించీ, ఆసుపత్రి గురించీ, ఇదీ కారణమని ఇంతవరకూ తేలని కిడ్నీ జబ్బు గురించీ చదువుతాం. ఆ మంచాల మీద తప్పెట కొట్టిన చేతులు ఉన్నాయని ఎవరూ రాయలేదు.

మంచం మీదే మొదలుపెట్టండి. సూదులు ఉన్న చెయ్యి కదపకూడదు, అది రాయి. మిగతా ఒళ్ళంతా మీదే. గజ్జెలు కట్టుకున్న కాళ్ళు కదా అవి. పడుకునే మడమ, మునివేళ్ళు మార్చి మార్చి తాళం వేయండి. కుడి చేతి వేళ్ళతో మంచం పట్టీ మీద దరువు. మీరు ఒక చరణం ఎత్తితే మిగతా ఐదుగురూ అందుకుంటారు. తప్పెటగుళ్ళు నడిచేదే అలా కదా, నేను మీకు చెప్పేదేముంది. మొదటి రెండు గంటల్లోనే ముగించండి. ఒంట్లోంచి నీరు తీసేకొద్దీ చివరి గంటల్లో రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. తల తేలిపోతున్నట్టు ఉంటే ఆపి టెక్నీషియన్‌ను పిలవాలి. మెడ దగ్గర గొట్టం ఉన్నవాళ్ళు మీలో ఉంటే వాళ్ళు కాళ్ళతో మాత్రమే. మొదలుపెట్టే ముందు అక్కడి డాక్టరుకు చెప్పి, ఒప్పించి చేయండి. దొంగతనంగా వద్దు.

ఒక చిక్కుంది. పాడితే గొంతు ఎండుతుంది. మీకేమో నీళ్ళు కొలత ప్రకారం. చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకోవచ్చు, అయితే అదీ రోజు లెక్కలోకే వస్తుంది.

తప్పెట మాట. రెండు అరచేతులతో కొట్టే వాద్యం అది. ఫిస్టులా చేతికి బరువులు, బిగింపులు, దెబ్బలు పడవు. ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టనివ్వరు, గడియారం కూడా వద్దంటారు. ఆ అరచేత్తో రేకు మీద గంట సేపు మోదడం నాకు భయం. అరచేతి దెబ్బకు బదులు ఎడమ వేళ్ళ చివరలతో మెల్లగా పలికించడం కుదురుతుందేమో మీ కిడ్నీ డాక్టరుకు వాద్యం తీసుకెళ్ళి చూపించండి. నోటితో చెబితే ఆయనకు అర్థం కాదు. రోజూ పొద్దున ఫిస్టులా మీద వేళ్ళు పెట్టి ఆ గుర్రుమనే కంపనం చూసుకోవడం మానకండి. అది ఆగితే ఆ క్షణమే ఆసుపత్రి. గెంతులు మాత్రం ప్రస్తుతానికి వద్దు. కిడ్నీ పోయినవాళ్ళకు ఎముకలు గుల్లబారతాయి, మడమ మీద బరువుతో దిగితే విరిగే ప్రమాదం ఉంది. డయాలసిస్ లేని రోజు, ఆయాసం లేకపోతే, నిలబడి అడుగు వేయండి.

మీ ఆరుగురూ ఏం పాడారో నాకు రాయాలి. ఇది సలహా కాదు, పెద్దక్క ఆజ్ఞ.

*

వయసు 29. ఫైబ్రోమయాల్జియా అన్నారు. పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి, నొప్పి మాత్రం ఒళ్ళంతా. బెంగళూరులో ఒక వర్క్‌షాపుకు వెళ్ళాను. రెండున్నర గంటలు ఆపకుండా గెంతించారు. "నువ్వు మింగిన కోపమే నీ నొప్పి, బయటికి అరిచెయ్యి" అన్నారు. అందరి ముందూ ఏడ్చాను. తరువాత మూడు రోజులు మంచం దిగలేదు. నాలోనే లోపం ఉందా?
*ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని*

లేదు తల్లీ. నాకు కోపం వచ్చింది, మింగకుండా ఇక్కడే రాస్తున్నాను.

నొప్పికీ మనసుకూ సంబంధం లేదని నేననను. భయపడితే నొప్పి పెరుగుతుంది, నిద్ర లేకపోతే పెరుగుతుంది, ఒంటరిగా ఉంటే పెరుగుతుంది. అయితే ఒక మనిషిని గంట క్రితం చూసి "నీ నొప్పి ఫలానా కోపం" అని తేల్చేయడం చిలక జోస్యం. చిలకకైనా కాస్త బిడియం ఉంటుంది. మీ జబ్బులో నొప్పిని మోసే నరాల వ్యవస్థ గొంతు పెంచి మాట్లాడుతోంది. రేడియో శబ్దం పెంచినట్టు. అందుకే పరీక్షల్లో ఏమీ దొరకదు, నొప్పి మాత్రం నిజం. ఆ స్థితిలో ఉన్నవాళ్ళను రెండున్నర గంటలు గెంతించడం తెలియనితనం.

నిదానంగా చేస్తే సంగతి వేరు. 2010లో బోస్టన్‌లో 66 మంది ఫైబ్రోమయాల్జియా రోగులతో ఒక అధ్యయనం జరిగింది. సగం మందికి తాయ్ చీ, అంటే నీళ్ళలో కదిలినట్టు నెమ్మదిగా చేసే చైనా కదలికలు, వారానికి రెండుసార్లు, గంటేసి, 12 వారాలు. మిగతా సగానికి ఆరోగ్య పాఠాలు, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు. తాయ్ చీ చేసినవాళ్ళకు నొప్పి, నిద్ర, రోజువారీ పని అన్నీ రెండో జట్టు కన్నా మెరుగుపడ్డాయి. 66 మంది చిన్న సంఖ్యే. అందుకే అదే పరిశోధకులు తరువాత 226 మందితో మళ్ళీ చూశారు. అప్పుడు పోటీ పెట్టింది ఏరోబిక్ వ్యాయామంతో. తాయ్ చీ దానికి తీసిపోలేదు, కొంత మేలే అనిపించుకుంది. ఎక్కడా అరవమనలేదు, ఏడవమనలేదు.

ఆ వర్క్‌షాపులో అనా హాల్ప్రిన్ కథ చెప్పి ఉంటారు, ఇలాంటి చోట్ల చెబుతారు. కాలిఫోర్నియాలో పెద్ద నృత్యకారిణి. 1972లో పేగు క్యాన్సర్ వచ్చింది. తిరగబెట్టినప్పుడు తన నిలువెత్తు బొమ్మ గీసుకుని, దాని ముందు అరుస్తూ, ఏడుస్తూ నాట్యం చేశారు. జబ్బు వెనక్కి తగ్గింది. 2021లో నూరేళ్ళు నిండాక పోయారు. ఇంతవరకూ అందరూ చెబుతారు. మొదట శస్త్రచికిత్స చేయించుకున్నారన్నది చెప్పరు. జబ్బు పోవడం వేరు, మనిషి కుదుటపడటం వేరు అని ఆవిడే అంటూ వచ్చారన్నదీ చెప్పరు. తరువాత ఏళ్ళ తరబడి క్యాన్సర్, ఎయిడ్స్ ఉన్నవాళ్ళతో పనిచేసిన మనిషి ఆ తేడా తెలియకుండా ఉంటారా? ఒకరి జీవితంలో ఒకసారి జరిగినదాన్ని ఆదివారం రెండున్నర గంటల్లో అమ్మడానికి లేదు.

మళ్ళీ వెళ్ళేముందు నడిపే మనిషితో ఫోనులో పది నిమిషాలు మాట్లాడండి. నా జబ్బు గురించి మీకేం తెలుసు, మధ్యలో కూర్చుంటే ఏమంటారు, ఎవరైనా కుప్పకూలి ఏడిస్తే ఆ తరువాత వాళ్ళను ఎవరు చూసుకుంటారు అని అడగండి. మూడో ప్రశ్నకు తడబడితే వద్దు. ఎక్కడ, ఎన్నాళ్ళు నేర్చుకున్నారో కూడా అడగండి. మన దేశంలో 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. ఆ చట్టం జాబితాలో నాట్య, కదలిక చికిత్సకుల పేరు కూడా ఉంది. అయినా వారాంతంలో రెండు రోజులు నేర్చుకుని బోర్డు కట్టినవాళ్ళు ఉండనే ఉన్నారు. మా ఫిజియోథెరపీలోనూ ఉన్నారు, దాచడమెందుకు.

కొలత ఒకటి గుర్తుంచుకోండి. ఏ కదలిక చేసినా, పెరిగిన నొప్పి రెండు గంటల తరువాత కూడా దిగకపోతే ఎక్కువ చేశారని లెక్క. మరుసటిసారి సగం. మీరు పది నిమిషాల దగ్గర మొదలుపెట్టండి. బాగున్న రోజు ఉత్సాహపడి గంట చేయకండి; మీ జబ్బువాళ్ళు ఎప్పుడూ దెబ్బ తినేది బాగున్న రోజే.

*

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి రెండేళ్ళయింది. చంకలో గడ్డలు కూడా తీశారు. ఆ చెయ్యి ఎత్తితే వాస్తుందని మా అత్తగారు నీళ్ళ చెంబు కూడా ముట్టనివ్వరు. మహిళా మండలిలో కోలాటం నేర్పుతున్నారు, వెళ్ళవచ్చా?
*గుంటూరు*

ఒకప్పుడు వైద్యులు కూడా మీ అత్తగారిలాగే అనుకునేవారు. 1996లో కెనడాలోని వాంకోవర్‌లో డాన్ మెకెంజీ అనే క్రీడావైద్యుడు ఆ మాట పరీక్షించాలని, ఈ జబ్బు దాటిన 24 మంది స్త్రీలను పడవ ఎక్కించి తెడ్లు వేయించారు. కొన్ని నెలలు. ఒక్కరికీ కొత్తగా చెయ్యి వాయలేదు. తరువాత ఆ స్త్రీలు పడవ దిగనన్నారు! ఇప్పుడు ఎన్నో దేశాల్లో అలాంటి పడవ జట్లు ఉన్నాయి. మీ సర్జన్‌కు చెప్పి వెళ్ళండి. మొదట తేలిక కర్రలు, తక్కువ సేపు, వారం వారం కొద్దిగా పెంచుకుంటూ. చెయ్యి బరువెక్కినట్టు, గాజులు బిగిసినట్టు అనిపిస్తే ఆగి చూపించుకోండి. అత్తగారిని కూడా తీసుకెళ్ళండి, వారిదీ భయమే కానీ కాఠిన్యం కాదు.

నాకు 71. మోకాళ్ళు అరిగాయి, చక్కెర జబ్బు ఉంది. కుర్చీలో కూర్చుని కోలాటం ఆడవచ్చా?
*భీమవరం*

ఆడవచ్చు. మేం ఆడుతున్నాం. కుర్చీలు ఎదురెదురుగా, మోకాళ్ళు తగలనంత దూరంలో. కర్ర పట్టు జారేవాళ్ళకు గుడ్డ చుట్టి లావు చేస్తాం. అదీ పట్టలేకపోతే వార్తాపత్రిక గట్టిగా చుట్టి తాడు కట్టండి, చప్పుడు కూడా బాగుంటుంది. చెప్పులు విప్పమంటే విప్పకండి. చక్కెర ఉన్నవాళ్ళ పాదానికి దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు. జేబులో రెండు గ్లూకోజ్ బిళ్ళలో, బెల్లం ముక్కో ఉండాలి. చెమటలు, వణుకు వస్తే ఆట ఆపి నోట్లో వేసుకోండి.

ఇదంతా ఒక్కదాన్నే ఫోనులో వీడియో చూసి చేసుకోవచ్చు కదా?
*నెల్లూరు*

వ్యాయామం చేసుకోవచ్చు. మీరు కుచ్చిళ్ళు సర్దుకుంటే ఫోను తిరిగి సర్దుకోదు.

మీకు తగ్గిందా?
*ఏలూరు నుంచి పోస్టుకార్డు, పేరు లేదు*

తగ్గలేదు. రెండు రకాల మందులు వాడుతున్నాను, మూడు నెలలకొకసారి రక్తపరీక్ష. ఈ మందులు లేకపోతే ఈ పాటికి నా మణికట్లు పూర్తిగా బిగుసుకుపోయేవి. కాబట్టి ఎవరూ బృందంలో చేరి మందు మానకండి. ఈ జవాబుల్లో సగం మా మనవరాలికి చెప్పి రాయించినవే. ఎడమ మణికట్టు వాచి వారమైంది.

నడక కొంచెం మెరుగు. నిద్ర కొంచెం మెరుగు. అది తాళం వల్లో, ఆదివారం కోసం ఎదురుచూడటం వల్లో నేను విడదీసి చెప్పలేను.

పైన గోరింటాకు సంగతి చెప్పాను కదా. ఆ గిన్నె వచ్చిన రోజు అందరం పెట్టించుకున్నాం, మగవాళ్ళు కూడా చిటికెన వేలికి. నేను పన్నెండేళ్ళుగా బస్సులో చిల్లర అందుకునేటప్పుడు కుడి చేతిని కొంగులో ఉంచి, ఎడమ చెయ్యి చాపేదాన్ని. కుడి చేతి వేళ్ళు బాగా వంకర. మర్నాడు పొద్దున సంచి ఎడమ చేతిలో ఉండి, మరిచిపోయి కుడి చెయ్యే చాపాను. కండక్టరు కుర్రాడు చిల్లర పెడుతూ చెయ్యి చూశాడు.

"ఏమ్మా, ఇంట్లో పెళ్ళా?"

"కాదు నాయనా, నిన్న ఆదివారం" అన్నాను.